పదవికి ప్రమాణము, ప్రమాణమునకు వెల

మనలో ప్రమాణమనునది తేలికగా తీసికొను మాట కాదు. వెలిగించిన కర్పూరము నార్పి చెప్పుట, బిడ్డ తలపై చేయి వేసి చెప్పుట, కాణిపాకమున వినాయకుని సన్నిధిలో స్నానము చేసి తడిబట్టలతో నిలిచి చెప్పుట మొదలగు ఆచారములు మన పెద్దలు ఎరిగినవే. అయితే ఈ ప్రమాణము లన్నియు జరిగిన సంగతిని గూర్చినవి. అప్పు తీసికొంటివా లేదా, పొలముగట్టు జరిపితివా లేదా అనునదే అచ్చటి ప్రశ్న. నీవు దేవుని గూర్చి మనసులో ఏమి నమ్ముచున్నావో చెప్పుము, మేము మెచ్చునట్లు చెప్పినగాని నీకు ఉద్యోగము లేదు అను ప్రమాణము వేరొక జాతికి చెందినది. అట్టి ప్రమాణమును ఇంగ్లండు రాజ్యము ఇంచుమించు 300 సంవత్సరములు నడిపి చూచెను.

ఆ కథను ఈ సంచికలో చెప్పుటకు మాకొక కారణము కలదు. సంఖ్యలో కొలదివారై, ఇతర భాషలవారి నడుమ తరతరములుగా బ్రదుకుచున్న మనకు, ఇట్టి ప్రమాణము ఎవరిని ఆపును, ఎవరిని ఆపజాలదు అను ప్రశ్న కాలక్షేపమునకై అడుగునది కాదు.

1534లో ఎనిమిదవ హెన్రీ రోము పోపుతో తెగతెంపులు చేసికొని, ఇంగ్లండు క్రైస్తవ సంఘమునకు తానే శిరస్సునని పార్లమెంటుచేత శాసనము చేయించెను. రాజు చేసికొన్న రెండవ వివాహమును, ఆ సంతతికి గల సింహాసనపు హక్కును ప్రజలు ప్రమాణపూర్వకముగా అంగీకరింపవలెనను శాసనమును ఆ యేడే వచ్చెను. అంతకు రెండేండ్ల క్రిందటి వరకు రాజ్యమునకు ఛాన్సలరుగా నుండిన సర్ టామస్ మోర్, వారసుని నిర్ణయించు అధికారము పార్లమెంటునకు కలదని ఒప్పుకొనెను గాని, పోపు అధికారమును త్రోసివేయు ప్రమాణమును మాత్రము చేయడయ్యెను. ఎందుకు చేయవని అడిగినను కారణము చెప్పలేదు. చెప్పినచో అదియే రాజద్రోహమగునని న్యాయవేత్తయగు ఆయనకు తెలియును. మౌనము అర్ధాంగీకారమను లోకోక్తి మనకు వలెనే వారికిని కలదు. మోర్ తన విచారణలో దానినే అడ్డము వేసికొనెను. న్యాయాధిపతులు వినలేదు. 1535 జూన్ 22న రోచెస్టరు బిషప్పగు జాన్ ఫిషరును, జూలై 6న మోర్‌ను శిరచ్ఛేదము చేసిరి.

హెన్రీ కుమార్తె ఎలిజబెత్ రాణి 1559లో ఈ ప్రమాణమును తిరిగి తెచ్చినపుడు మాట కొంచెము మార్చెను. సంఘమునకు తాను ‘శిరస్సు’ ననక, ‘పరమ పాలకురాల’ నని చెప్పుకొనెను. మతాచార్యులు, న్యాయమూర్తులు, మేయర్లు, రాణి కొలువులోని ఉద్యోగులు, విశ్వవిద్యాలయములలో పట్టము పుచ్చుకొనువారు ఈ ప్రమాణము చేయవలెను. 1563లో కామన్సు సభ సభ్యులను, న్యాయవాదులను, బడిపంతుళ్లను కూడ అందు చేర్చిరి. రెండవమారు అడిగినపుడును నిరాకరించుట రాజద్రోహమయ్యెను. ప్రభువుల సభలోని గృహస్థులగు ప్రభువులకు మాత్రము మినహాయింపు. పెద్దల విశ్వాసమునకు పరీక్ష అక్కరలేదు కాబోలు!

నిష్పక్షపాతముగా చెప్పవలెనన్నచో, ఆ రాజ్యమునకు భయకారణములు లేకపోలేదు. 1570లో ఐదవ పయస్ పోపు ఎలిజబెత్‌ను సంఘమునుండి వెలివేసి, ఆమె ప్రజలు ఆమెకు విధేయులై యుండ నక్కరలేదని ఆజ్ఞాపత్రము వెలువరించెను. 1588లో స్పెయిను నౌకాదళము దండెత్తి వచ్చెను. 1605 నవంబరు 5న కొందరు కాథలిక్కులు పార్లమెంటు భవనము క్రింద తుపాకిమందు పీపాలు పెట్టి, రాజుతోకూడ సభనంతయు పేల్చివేయజూచి పట్టుబడిరి. మరుసటి సంవత్సరమే విధేయతా ప్రమాణము వచ్చెను. రాజులను పదభ్రష్టులను చేయు హక్కు పోపునకు లేదని కాథలిక్కులు ఒట్టు పెట్టవలెను. ఆ ఒట్టు పెట్టరాదని ఐదవ పాల్ పోపు నిషేధించెను. చేసినచో పోపునకు ద్రోహి, చేయనిచో రాజునకు ద్రోహి. దేశముపై ఎట్టి కుట్రయు ఎరుగక, పూర్వుల మతమును మాత్రము వదలలేని సామాన్య గృహస్థుడు అడకత్తెరలోని పోకచెక్క యయ్యెను. కుట్ర చేయదలచిన వానికి అబద్ధపు ఒట్టు ఒక లెక్కా? తమ రాజునే చంపదలచిన వారు పుస్తకముపై చేయి వేయుటకు వెనుదీయుదురా?

ఇంతవరకు ప్రమాణము నోటిమాట. 1660లో, అంతర్యుద్ధానంతరము, రెండవ ఛార్లెస్ సింహాసన మెక్కిన పిమ్మట అది చేతలలోనికి దిగెను. 1661 నాటి కార్పొరేషను శాసనము ప్రకారము, పట్టణ పాలక సంఘములలో ఏ పదవికైనను ఎన్నిక కాదలచినవాడు, ఎన్నికకు ముందటి సంవత్సరము లోపల రాజ్యసమ్మతమగు ఆంగ్లికను సంఘపు పద్ధతిని ప్రభుభోజనము స్వీకరించి యుండవలెను. ఏ కారణమున నైనను రాజుపై ఆయుధమెత్తుట ధర్మము కాదని ప్రమాణమును చేయవలెను.

ప్రభుభోజన మనగా క్రైస్తవులు క్రీస్తు మరణమును స్మరించుచు రొట్టెయు ద్రాక్షారసమును స్వీకరించు పరమ పవిత్ర సంస్కారము. దానిని మోకరిల్లి తీసికొనుట విగ్రహారాధన వంటిదని కొందరు ప్రొటెస్టెంటులకు జంకు. ప్రెస్బిటీరియనులు, ఇండిపెండెంటులు, బాప్టిస్టులు మొదలగువారు ఇట్లే ఏదో యొక కారణమున రాజసంఘమునుండి విడిపోయిరి. వారికే డిసెంటర్లని పేరు. 1660 నుండి 1662 వరకు, నూతన ప్రార్థనా పద్ధతిని అంగీకరింపలేక ఇంచుమించు 2,000 మంది బోధకులు తమ స్థానములను కోల్పోయిరి.

అటుపిమ్మట ప్రసిద్ధమగు టెస్టు శాసనము. 1672లో రెండవ ఛార్లెస్ తన స్వంత అధికారముతో డిసెంటర్లకును కాథలిక్కులకును కొంత స్వేచ్ఛ ప్రకటించెను. పార్లమెంటు దానిని ఉపసంహరింపజేసి, 1673లో ఈ శాసనమును తెచ్చెను. సైనికోద్యోగమైనను, పౌరోద్యోగమైనను, రాజు క్రింద జీతము పుచ్చుకొనువాడు రెండు ప్రమాణములు చేయవలెను. మూడు మాసములలోపల ఆంగ్లికను ఆలయమున ప్రభుభోజనము తీసికొనవలెను. రొట్టెయు ద్రాక్షారసమును నిజముగనే క్రీస్తు శరీర రక్తములుగా మారునను కాథలిక్కు విశ్వాసమును తాను నమ్మనని వ్రాతమూలమున చేవ్రాలు చేయవలెను. ఆలయపు గురువు, పరిచారకుడు సంతకము చేసిన పత్రమును న్యాయస్థానమున దాఖలు పరచి, ఇరువురు సాక్షులచేత రుజువు చేయింపవలెను. మన దేశమున ఒక తహశీలుదారు ఉద్యోగమున చేరుటకు, ఫలానా కోవెలలో ఫలానా ఆదివారమున తీర్థప్రసాదములు పుచ్చుకొనెనని అర్చకుడు వ్రాసి యిచ్చిన కాగితము జిల్లా కోర్టులో దాఖలు చేయవలసి వచ్చినచో ఎట్లుండునో చదువరులు ఊహింపవచ్చును. తప్పినవానికి 500 పౌనుల అపరాధము. అంతేకాదు, వాడు న్యాయస్థానమున దావా వేయరాదు. పిల్లలకు సంరక్షకుడు కారాదు. ఎవరేని మరణశాసనము ద్వారా ఇచ్చిన ఆస్తిని పుచ్చుకొనరాదు.

ఈ వలలో పడిన మొదటి చేప చిన్నది కాదు. రాజు తమ్ముడగు జేమ్స్, అప్పటికే కాథలిక్కు మతము పుచ్చుకొని, నౌకాదళాధిపతిగా నుండెను. 1673 జూన్‌లో ఆయన పదవిని వదలుకొనెను. కోశాధికారి క్లిఫర్డ్ కూడ వదలుకొనెను. 1678లో టైటస్ ఓట్స్ అను ఘరానా అబద్ధికుడు, కాథలిక్కులు రాజును చంప కుట్ర పన్నిరని కట్టుకథ అల్లి దేశము నట్టుడికించెను. ఆ వేడిలో రెండవ టెస్టు శాసనము పుట్టి, ప్రభువుల సభలోని కాథలిక్కులను గూడ బయటికి పంపెను. జేమ్స్ ఒక్కనికి మినహాయింపు నిచ్చు సవరణ కామన్సు సభలో రెండే రెండు ఓట్ల ఆధిక్యతతో నెగ్గెను. ఇచ్చట గమనింపవలసిన దేమనగా, వేలకొలది అబద్ధములు ప్రమాణము చేసి చెప్పినవాడు ఓట్స్. వాని ఒట్టు చెల్లెను. ఒక్క అబద్ధము చెప్పనొల్లక సభను విడిచిపోయినవారు ఆ ప్రభువులు.

స్కాట్లండు సంగతి మరింత విచిత్రము. 1681లో అచ్చటి పార్లమెంటు చేసిన టెస్టు ప్రమాణము తనలో తానే పొసగని వాక్యముల కుప్ప. 1567 నాటి విశ్వాస ప్రకటనకు కట్టుబడి యుందునని అందొక మాట. ఆ ప్రకటన సంఘమునకు క్రీస్తు ఒక్కడే శిరస్సని చెప్పును. మత విషయములందును రాజే సర్వాధికారి యని మరొక మాట. రెండును ఒక్క నోట ఒక్క ఊపిరిలో చెప్పవలెను! అనేకులు బోధకులు దానికి తలయొగ్గక ఉద్యోగములు వదలిరి. ఆర్గైల్ ప్రభువు మాత్రము, ‘ఈ ప్రమాణము తనతో తాను ఎంతమేర పొసగునో అంతమేరకు’ తాను దానిని చేయుచున్నానని చెప్పి చేసెను. ఇంతకంటె మర్యాదగా ఆ శాసనకర్తల తెలివిని ఎవరును విమర్శించి యుండరు. అందుకు ఫలముగా రాజద్రోహమను నేరము మోపి, 1681 డిసెంబరులో ఆయనకు మరణశిక్ష విధించిరి. ఎడిన్‌బరో కోటలో నున్న ఆయనను చూడవచ్చిన సవతి కూతురు సోఫియా లిండ్సే తిరిగి పోవునపుడు, ఆమె దుస్తుల కొంగు పట్టుకొని నడచు సేవకుని వేషమున ఆయన కోట వాకిలి దాటి హాలండుకు పారిపోయెను. 1685లో తిరుగుబాటు చేయ వచ్చి పట్టుబడినపుడు, క్రొత్త విచారణ లేకయే, ఆ పాత శిక్షను అమలుపరచి ఆయనను చంపిరి.

ఆ దినములలోనే ఎడిన్‌బరోలోని హెరియట్ అనాథ విద్యాలయపు బాలురు చేసిన అల్లరి యొకటి నాటివారు వ్రాసి పెట్టిరి. ఆ బాలురు తమ ఆవరణను కాయు కుక్కకు ‘కావలి ఉద్యోగము’ కలదు గావున అదియు టెస్టు పుచ్చుకొనవలెనని తీర్మానించి, ప్రమాణము వ్రాసిన కాగితమును దాని ముందు పెట్టిరి. కుక్క తినలేదు. కాగితమునకు వెన్న రాచి పెట్టిరి. కుక్క వెన్న నాకి కాగితమును ఉమ్మివేసెను. అంతట బాలురు కొలువు తీర్చి, ఆర్గైల్ వలెనే ఇదియు షరతుతో ప్రమాణము చేసినదని దానికి రాజద్రోహ శిక్ష విధించిరి. పండితులు సంపుటములు వ్రాసి చెప్పినదానిని ఆ పిల్లలు వెన్నపూస ఖర్చుతో చెప్పిరి.

టెస్టునకు తలవంపక పదవి వదలిన జేమ్స్ 1685లో తానే రాజయ్యెను. శాసనమును రద్దు చేయ బలము లేక, తన కిష్టులైన వారిని దానినుండి తప్పింపజూచెను. సర్ ఎడ్వర్డు హేల్స్ అను కాథలిక్కు సేనాధికారిపై ఆయన బండి తోలువాడే, గాడెన్ అనువాడు, 500 పౌనుల అపరాధమునకై దావా వేసెను. ఇది యజమాని, నౌకరు కలిసి ఆడిన నాటకము. 1686లో, రాజు కోరినవారిని శాసనమునుండి మినహాయింపవచ్చునని 12 మంది న్యాయమూర్తులలో 11 మంది చెప్పిరి. ఒప్పుకొననట్టి న్యాయమూర్తులను రాజు ముందే తొలగించి యుండెను. మూడేండ్లు తిరుగకమునుపే 1688 విప్లవము వచ్చి జేమ్స్ ఫ్రాన్సునకు పారిపోయెను.

ఇప్పుడు కత్తి తిరుగబడెను. క్రొత్త రాజగు విలియమునకు ఆంగ్లికను ఆచార్యులందరు విధేయతా ప్రమాణము చేయవలెను. కాంటర్‌బరీ ఆర్చిబిషప్పగు శాన్‌క్రాఫ్ట్, జేమ్స్ ఆజ్ఞను ధిక్కరించి 1688లో చెరసాల కేగిన ఏడుగురు బిషప్పులలో మొదటివాడు. జేమ్స్ పోయినందుకు ఆయన సంతోషింపవలసినదే. కాని ఆ జేమ్స్‌కే తాను ఒకమారు ప్రమాణము చేసి యుంటిననియు, బ్రదికియున్న రాజునకు చేసిన ఒట్టు గట్టున పెట్టలేననియు చెప్పి ఆయన తన పీఠమును వదలుకొనెను. ఆ ఏడుగురిలో ఐదుగురు నూతన ప్రమాణమును నిరాకరించిరి. ఇంచుమించు 400 మంది గురువులును వారి త్రోవ పట్టిరి. జేమ్స్‌ను పొగడి, విలియమునకు వంగినవారు ఎప్పటివలె తమ జీతములు పుచ్చుకొనుచుండిరి.

అదే కాలమున 1689 నాటి సహన శాసనముచేత డిసెంటర్లకు తమ మందిరములలో ఆరాధన చేసికొను స్వేచ్ఛ వచ్చెను. పదవులకు మాత్రము టెస్టు అట్లే నిలిచెను. కావున కొందరు, ఏడాది కొకమారు రాజసంఘపు ఆలయమునకు పోయి ప్రభుభోజనము తీసికొని పత్రము సంపాదించి, తక్కిన 51 ఆదివారములు తమ మందిరమునకే పోవుచుండిరి. 1697లో లండను లార్డ్ మేయరగు సర్ హంఫ్రీ ఎడ్విన్ పదవీ చిహ్నములతో, దండధారులతో సహా డిసెంటరు మందిరమునకు పోగా పట్టణమంతయు గగ్గోలయ్యెను. తానును డిసెంటరేయైన డానియల్ డిఫో ఈ యిరువైపుల ఆటను తీవ్రముగా ఖండించెను. ఇట్లు చేయుటను నిషేధించుచు 1711లో ఒక శాసనము వచ్చెను. 1719లో అది పోయెను.

రాజసంఘమువారి భక్తియు ఎంత మాత్రమో జోనథన్ స్విఫ్ట్ 1711లో వ్రాసిన ఒక లేఖవలన తెలియుచున్నది. మంత్రి నొకనిని చూడబోగా ఆయన ప్రభుభోజనమునకు పోయెనట. ఊరిలోని దుర్వర్తనులు పలువురు అదే పనిమీద పోయిరట. అది భక్తికొరకు కాదు, పార్లమెంటు శాసనము ప్రకారము ఉద్యోగము కొరకని ఆయన ఎత్తిపొడిచెను. స్విఫ్ట్ ఆ శాసనమునకు శత్రువు కాడు. ఆంగ్లికను ఆచార్యుడు, టెస్టును సమర్థించినవాడు. అందుచేతనే ఆ మాటకు మేము విలువ నిచ్చుచున్నాము.

మనుష్యుని లోపలి నమ్మకమును ఇట్టి జల్లెడ ఎట్లు పట్టజాలదో తెలియుటకు ఇరువురు గణితాచార్యుల చరిత్ర చాలును. కేంబ్రిడ్జిలో లుకేషియన్ ఆచార్యుడగు ఐజాక్ న్యూటన్, దేవుని త్రిమూర్తి తత్త్వమును అంగీకరింపనివాడు. ఈ సంగతి ఆయన వదలిపోయిన వ్రాతప్రతులవలన తెలియుచున్నది. గురుపట్టము పుచ్చుకొనవలెనను నియమమునుండి 1675లో ఆయన పీఠమునకు రాజు మినహాయింపు నిచ్చెను. న్యూటన్ నోరు మెదపక, ఆచార్యుడుగా, 1696 నుండి టంకశాలాధికారిగా గౌరవముతో జీవించెను. ఆయన తరువాత ఆ పీఠము నెక్కిన విలియం విస్టన్ అదే నమ్మకమును అందరు వినునట్లు చెప్పెను. 1710లో విశ్వవిద్యాలయము ఆయనను వెళ్లగొట్టెను. న్యూటన్‌ను మేము నిందింపము. ఆ మౌనము లేనిచో లోకమెంత నష్టపోయి యుండెడిదో! శాసనము పట్టుకొన్నది అవిశ్వాసిని కాదు, దాచలేని వానిని.

1727 మొదలుకొని పార్లమెంటు ఇంచుమించు ఏటేట ఒక క్షమాపణ శాసనము చేయుచు, గడువులోపల టెస్టు పుచ్చుకొననివారికి గడువు పెంచుచు వచ్చెను. తలుపు తీయరు, కిటికీ గడియ మాత్రము వదులు చేయుదురు. దీనిని చూచి కొందరు, 18వ శతాబ్దమున టెస్టు పేరునకే గాని నిజముగా ఎవరిని బాధింపలేదని వ్రాయుచున్నారు. అట్టివారు లండను నగరపు షెరీఫుల కథను చదువవలెను.

షెరీఫు పదవిని ఒకప్పుడు మదరాసులో నెరిగిన మన పెద్దలకు ఆ మాట క్రొత్త కాదు. లండనులో ఏటేట ఇరువురు షెరీఫులను ఎన్నుకొందురు. గౌరవము గొప్పది, ఖర్చును గొప్పదే. కావున తప్పించుకొనజూచువారు పలువురు. 1748లో నగర పాలక సంఘము ఒక ఉపనిబంధన చేసెను. పోటీకి నిలువనొల్లనివాడు 400 పౌనులకు పైగా, ఎన్నికయైన పిదప పదవి పుచ్చుకొననివాడు 600 పౌనులు చెల్లింపవలెను. పైకి న్యాయముగనే కనబడును. కాని ఆ పిదప, ప్రభుభోజనము తీసికొననట్టి డిసెంటర్లను ఏరి ఏరి ఎన్నుకొనసాగిరి. 1661 శాసనము ప్రకారము వారు పదవి పుచ్చుకొనుట నేరము; ఉపనిబంధన ప్రకారము పుచ్చుకొనకుండుట నేరము. గ్రుడ్డివారిని, మంచము పట్టినవారిని గూడ విడువలేదని నాటి డిసెంటర్లు వాపోయిరి. ఇట్లు కొలది సంవత్సరములలో వసూలైన సొమ్ము 15,000 పౌనులకు మించెను. ఆ సొమ్ము లార్డ్ మేయరు నివాసమునకై అప్పుడు కట్టుచుండిన మాన్షన్ హౌస్ అను సౌధమునకు ఉద్దేశింపబడినది. ఆ భవనము నేటికిని లండను నడిబొడ్డున నున్నది. మతభేదమును చూపి ఒకని పదవికి తగనివాడనుట ఒక అన్యాయము. తగనివాడని ఎరిగియే ఎన్నుకొని, తగనందులకు వానిచేత ఇటుకల ఖర్చు పెట్టించుట మరొకటి. మొదటిదానికి భయమైనను కారణముగా చెప్పవచ్చును. రెండవది లెక్కలు చూచుకొని చేసిన పని.

1754లో ఎన్నికైన అలెన్ ఎవాన్స్, షీఫ్ అనువారు సొమ్ము కట్టము పొమ్మనిరి. నగరము తన స్వంత న్యాయస్థానములలో 1757లోను, 1759లోను గెలిచెను. 1762లో ప్రత్యేకముగా నియమింపబడిన న్యాయమూర్తులు ఆ తీర్పును త్రోసివేసిరి. నగరము ప్రభువుల సభకు పోయెను. ఈ నడుమ షీఫ్ మరణించెను. ఎవాన్స్ ఒక్కడు మిగిలెను. నగరపు వాదము చమత్కారమైనది: ప్రభుభోజనము తీసికొనకపోవుట ఎవాన్స్ తప్పు, తన తప్పునే అడ్డము పెట్టుకొని ఎవడును బాధ్యతనుండి తప్పించుకొనరాదు. 1767 ఫిబ్రవరిలో ప్రధాన న్యాయమూర్తి మాన్స్‌ఫీల్డ్ ప్రభువు దీనికి సమాధానము చెప్పెను. సహన శాసనము వచ్చిన పిమ్మట డిసెంటరుగా నుండుట తప్పే కాదు. అది శిక్ష తప్పిన నేరము కాదు, న్యాయసమ్మతమైన స్థితి. పదవి పుచ్చుకొన్నను శిక్ష, మానినను శిక్ష అను వలపన్నుట శాసనముల ఉద్దేశము కానేరదు. మనస్సాక్షి మానవ శాసనములకు లొంగునది కాదు. సలహా యడుగబడిన న్యాయమూర్తులలో ఒక్కడు తప్ప అందరు ఎవాన్స్ పక్షమే యైరి. పదమూడేండ్ల వ్యాజ్యము ముగిసెను. తీర్పు వచ్చునాటికి ఎవాన్స్ మరణశయ్యపై నుండెననియు, వార్త విని సంతోషించు తెలివి మాత్రము మిగిలి యుండెననియు డిసెంటర్లు తమ చరిత్రలలో వ్రాసికొనిరి. ఆయన గెలిచిన దేమి? షెరీఫు పదవి కాదు. ఆ తలుపు అట్లే మూసియుండెను. మూసిన తలుపు ముందు నిలిచినందుకు సుంకము కట్టనక్కరలేదను హక్కును మాత్రమే.

పదవులు లేని ఈ జనులు వర్తకము, పరిశ్రమలు, బ్యాంకులు పట్టుకొని పైకి వచ్చిరనియు, టెస్టే వారికి పరోక్షముగా మేలు చేసెననియు చెప్పువారు కలరు. బార్‌క్లే, లాయిడ్ మొదలగు క్వేకరు కుటుంబముల పేర్లు ఇందుకు ఉదాహరణములు. ఈ వాదము మాకు పూర్తిగా రుచింపదు. డిసెంటర్లలో వర్తకులును, చేతిపనివారును మొదటినుండియు అధికులే. ఆక్స్‌ఫర్డులో 1581 నుండి చేరునాడే రాజసంఘపు విశ్వాస సూత్రములకు చేవ్రాలు చేయవలెను గావున, వారు స్వంత విద్యాలయములు పెట్టుకొనిరి. 1757లో స్థాపించిన వారింగ్టన్ విద్యాలయమున జోసెఫ్ ప్రీస్ట్‌లీ వంటివారు బోధించిరి. అది వారి పట్టుదల ఫలము. దానిని వారిని బయటికి నెట్టినవారి ఖాతాలో జమ కట్టరాదు. ఇతర ప్రాంతములలో స్వంత వ్యయముతో తెలుగు బడులు నిలుపుకొన్న కుటుంబములవారు మాతో ఏకీభవింతురని తలచుచున్నాము.

లండనులో ఇట్లు జరుగుచుండిన శతాబ్దముననే మదరాసున ప్రమాణమును గూర్చి వేరొక రగడ పుట్టెను. 1726 నాటి రాజపత్రముతో ఏర్పడిన మేయరు న్యాయస్థానము, హిందువులు కోవెలలో చేయు ఒట్టును కోరుచుండెను. దానిని ఆంగ్లేయులు ‘పగోడా ప్రమాణ’ మనిరి. 1736లో ఆ ఒట్టు పెట్టనొల్లని ఇరువురు హిందూ వర్తకులను ఆ న్యాయస్థానము చెరసాలలో వేయగా, ఊరివారు కలతపడిరి. గవర్నరు జోక్యము చేసికొని వారిని పూచీపై విడిపించెను. పరులు కోరిన పద్ధతిని దేవుని పేరెత్తుటకు జంకువారు అన్ని దేశములందును కలరు.

ఇంగ్లండులో టెస్టును రద్దు చేయవలెనను తీర్మానము 1789లో కేవలము 20 ఓట్ల తేడాతో ఓడెను. మరుసటి యేడు, ఫ్రెంచి విప్లవపు భయము సోకి, 105 ఓట్లకు ఎదురుగా 294 ఓట్లతో ఓడెను. 1828 ఫిబ్రవరిలో లార్డ్ జాన్ రస్సెల్ తెచ్చిన తీర్మానము 44 ఓట్ల ఆధిక్యతతో నెగ్గి, ప్రభుభోజనపు టెస్టు ఆ యేడే రద్దయ్యెను. 1829లో కాథలిక్కులకు పార్లమెంటు ద్వారము తెరచిరి. అందును ఒక చిల్లరతనము చూపిరి. ఐర్లండు నాయకుడగు డానియల్ ఓ’కానెల్ శాసనమునకు ముందే ఎన్నికయ్యెను గావున పాత ప్రమాణమే చేయవలెననిరి. ఆయన ఆ కాగితమును చదివి, ఇందు కొంత అబద్ధమని ఎరుగుదును, కొంత నిజమని నమ్మను అను భావమున మాటలాడి బయటికి నడచెను. క్లేర్ ప్రజలు ఆయనను పోటీ లేకయే మరల ఎన్నుకొనిరి.

ఈ గాలియే మన దేశమునకును కొంత వీచెను. 1830లో యూదులకు పార్లమెంటు ప్రవేశము కావలెనని మాటలాడిన మెకాలే, 1833లో కంపెనీ పాలనా శాసనమును సమర్థించినవారిలో నొకడు. మతము, జన్మస్థలము, వంశము, రంగు కారణముగా ఏ భారతీయుడును కంపెనీ ఉద్యోగమునకు అనర్హుడు కాడని ఆ శాసనము 87వ నిబంధన చెప్పెను. చెప్పినంత జరుగలేదు, పెద్ద కొలువులు చిరకాలము తెల్లవారికే దక్కెను. 1840లో మరొక శాసనము హిందువులకు గంగోదకముపై, ముస్లిములకు ఖురానుపై ఒట్టు పెట్టు విధిని తీసివేసి, సర్వేశ్వరుని ఎదుట నిజము చెప్పుదునను ప్రకటనను దాని స్థానమున పెట్టెను. 1950 నాటి మన రాజ్యాంగపు మూడవ షెడ్యూలు ఇంకొక అడుగు వేసి, దైవసాక్షిగా ననియైనను, మనఃపూర్వకముగా ననియైనను చెప్పు స్వేచ్ఛ నిచ్చినది. ఏ భాషలో చెప్పవలెనను విషయమునను పట్టు లేదు. 2024 జూన్‌లో తమిళనాట కృష్ణగిరినుండి ఎన్నికైన సభ్యుడు లోకసభలో తెలుగున ప్రమాణము చేసెను.

బ్రిటనులో రాజునకు మాత్రము ఆ కట్టడి నేటికిని కలదు. 2023 మే 6న పట్టాభిషిక్తుడైన మూడవ ఛార్లెస్ ప్రొటెస్టెంటు మతమును కాపాడుదునని ప్రమాణము చేసెను.

కాథలిక్కులకంటెను ఆలస్యముగా లోనికి వచ్చినవారు యూదులు. 1828లో ప్రభుభోజనపు పరీక్షను తీసివేసినపుడు, దాని స్థానమున పెట్టిన ప్రకటనలో ‘క్రైస్తవుని నిజవిశ్వాసముపై’ అను మాటలను ప్రభువుల సభ చేర్పించెను. పార్లమెంటు ప్రమాణమునను అవే మాటలు కలవు. లయొనెల్ రోత్స్‌చైల్డ్ 1847లో లండను నగరమునుండి ఎన్నికయ్యెను. ఆ నాలుగు మాటలు పలుకలేక సభలో కూర్చొనలేదు. నగరవాసులు ఆయననే మరల మరల ఎన్నుకొనిరి. డేవిడ్ సాలమన్స్ అను మరొక యూదుడు 1851లో ఆ మాటలు విడిచి ప్రమాణము చేసి, సభలో కూర్చొని ఓటు వేయగా, 500 పౌనుల అపరాధము పడెను. తుదకు 1858 జూలై 26న, ఎన్నికైన 11 సంవత్సరములకు, రోత్స్‌చైల్డ్ తలపై టోపీతో, పాత నిబంధన గ్రంథముపై ప్రమాణము చేసి తన స్థానమున కూర్చొనెను. ఆ పిమ్మట, నడుమ కొలది కాలము తప్ప, 1874 వరకు ఆయన సభ్యుడుగా నుండెను. అన్ని సంవత్సరములలో ఆ సభలో ఆయన ఒక్క ఉపన్యాసమును చేయలేదు.